ఫండ్ మేనేజర్ ఉద్యోగం మాని రచయితగా స్థిరపడాలంటే

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 47. ఇరవై రెండేళ్లుగా ముంబైలో పెట్టుబడుల నిర్వహణ రంగంలో ఉన్నాను. ప్రస్తుతం ఫండ్ మేనేజర్‌ను. ఉద్యోగం మాని, సొంత ఊరికి వచ్చి, తెలుగులో పుస్తకాలు రాసుకుంటూ గడపాలని ఉంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో 2 కోట్ల 10 లక్షలు, ఈపీఎఫ్, పీపీఎఫ్‌లలో 70 లక్షల రూపాయలు ఉన్నాయి. సొంత ఇల్లు ఉంది, అప్పులు లేవు. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. అమ్మ మాతోనే ఉంటుంది. ఇంటికి నెలకు 70 వేలు, పుస్తకాల అచ్చుకు ఏడాదికి 3 లక్షలు అవుతాయని నా అంచనా. పెట్టుబడులపై 12 శాతం రాబడి వస్తుంది కనుక ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. ఇది సరైన ఆలోచనేనా?

సమాధానం: మీరు ఊరికి రావచ్చు, రాయవచ్చు. అయితే మీరు వేసుకున్న లెక్కతో మాత్రం రావద్దని నా సలహా.

చేతిలో ఉన్న 2 కోట్ల 80 లక్షలూ ఇంటి ఖర్చుకు వాడుకోగల సొమ్ము కాదు. రెండేళ్లు తిరిగేసరికి అబ్బాయి డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరతాడు కాబట్టి, అతని చదువుకు 30 లక్షలు ఇప్పుడే పక్కన పెట్టాలి. మిగిలేది రెండున్నర కోట్లు. ఇంటి ఖర్చు ఏడాదికి 8 లక్షల 40 వేలు. ఇంతకాలం కంపెనీ భరించిన ఆరోగ్య బీమా ప్రీమియం, పెట్టుబడులు అమ్మినప్పుడు పడే పన్ను కలిపి ఇంకో లక్ష వేసుకోండి. అచ్చు ఖర్చు 3 లక్షలతో కలిపితే 12 లక్షల 40 వేలు, అంటే ఏటా దాదాపు 5 శాతం. ఈ సొమ్ము కనీసం నలభై ఏళ్లు రావాలి. మీ వయసులో జీతం వదులుకునేవారు మొదటి ఏడాది మూడున్నర శాతానికి మించి తీయకుండా, ఆపైన ధరల పెరుగుదల మేరకే పెంచుకోవడం క్షేమమని నేను చెబుతాను. మీ విషయంలో అది 8 లక్షల 75 వేల రూపాయలు.

12 శాతం సగటు రాబడి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. కానీ ఈ ఇరవై రెండేళ్లలో మార్కెట్ పడిన ప్రతిసారీ మీకు నెల తిరిగేసరికి జీతం వచ్చింది. 2020లో జనవరి 14న 12,362 దగ్గర ముగిసిన షేర్ల సూచీ నిఫ్టీ మార్చి 23 నాటికి 7,610కి పడిపోయింది, అంటే సుమారు 38 శాతం నష్టం. అప్పుడు మీరు చవకగా దొరికిన యూనిట్లు కొని ఉంటారు. అలాంటి పతనమే మీరు రాజీనామా చేసిన మొదటి రెండు మూడేళ్లలో వస్తే, ఇంట్లోకి బియ్యం, పప్పులు కొనడానికి అవే యూనిట్లను అయినకాడికి అమ్ముకోవాల్సి వస్తుంది, ఆ తర్వాత మార్కెట్ ఎంత కోలుకున్నా అమ్మేసిన యూనిట్లు తిరిగి రావు. ఇరవై ఏళ్ల సగటు 12 శాతం వచ్చి కూడా మూలధనం అయిపోవడం ఇలాగే జరుగుతుంది.

అందువల్ల, అబ్బాయి చదువుకు కేటాయించిన 30 లక్షలతో పాటు బీమా, పన్నుతో కలిపి మూడేళ్ల ఇంటి ఖర్చు, అంటే సుమారు 28 లక్షలు, షేర్ల నుంచి బయటికి తీసి బ్యాంకు డిపాజిట్లలోనూ, కావలసినప్పుడు వెంటనే తీసుకోగల లిక్విడ్ ఫండ్లలోనూ ఉంచండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి 5 లక్షల వరకే ఉంటుంది కాబట్టి రెండు మూడు బ్యాంకులకు సర్దండి. అమ్మకాలను రెండు ఆర్థిక సంవత్సరాలకు విడదీస్తే, దీర్ఘకాలిక లాభాలపై ఏటా ఉండే లక్షా 25 వేల మినహాయింపు రెండుసార్లు అందుతుంది, దానిపైన 12.5 శాతం పన్ను ఎలాగూ తప్పదు. ఉద్యోగంలో ఉండగా అమ్మితే సంస్థ నుంచి తీసుకోవలసిన ముందస్తు అనుమతులు మీకు తెలిసినవే. పీపీఎఫ్ ఖాతాను పదిహేనేళ్లు నిండాక అయిదేసి సంవత్సరాల చొప్పున పొడిగించుకోండి. ఈపీఎఫ్‌పై ఉద్యోగం మానిన తర్వాత జమయ్యే వడ్డీకి పన్ను వర్తిస్తుందని గుర్తుంచుకోండి. పాత సంస్థల ఖాతాలన్నీ ఒకటిగా కలిసి పదేళ్ల సర్వీసు దాటి ఉంటే, 58 ఏళ్ల నుంచి చిన్నదైనా పింఛను వస్తుంది.

ఇలా చేస్తే షేర్లలో ఇంకా కోటీ 52 లక్షలు, అంటే ఇంటికి ఉద్దేశించిన సొమ్ములో అరవై శాతం, మిగులుతుంది. దానిలో ఎక్కువ భాగాన్ని నిఫ్టీ వంటి సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్లకు మార్చి వదిలేయమని కోరుతున్నాను. మీ నైపుణ్యం మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. ఉదయం తొమ్మిదింబావు నుంచి మూడున్నర వరకు ధరలు చూస్తూ కూర్చునే మనిషికి పుస్తకం రాసే తీరిక దొరకదు. ఆ తీరిక కోసమే కదా మీరు ఇంత జీతం వదులుకుంటున్నది!

ఇక రాత మీద వచ్చే ఆదాయం. 250 రూపాయల పుస్తకం వెయ్యి ప్రతులు అమ్ముడై, పది శాతం రాయల్టీ వస్తే మీ చేతికి అందేది 25 వేలు. తెలుగులో వెయ్యి ప్రతులు అమ్ముడవడమే మంచి ఆదరణ. మన సీమలో గొప్పగా రాసినవారు ఏదో ఒక జీతం అండతోనే రాశారు: కడప జిల్లా నుంచి వచ్చిన కేతు విశ్వనాథరెడ్డి గారు విశ్వవిద్యాలయ అధ్యాపకులు, మీ అనంతపురానికే చెందిన బండి నారాయణస్వామి గారు ఉపాధ్యాయులు. కడపలో పండితులను పోషించి తెలుగు గ్రంథాలను బతికించిన సి.పి. బ్రౌన్ కూడా ఆ ఖర్చును ఈస్టిండియా కంపెనీ కొలువులో వచ్చిన జీతం నుంచే పెట్టాడు.

మీ వృత్తి నుంచే రచనలోకి వెళ్లిన న్యూయార్క్ వాసి పీటర్ బెర్న్‌స్టీన్ (1919–2009) జీవితాన్ని మీరు శ్రద్ధగా చూడాలి. తండ్రి మరణించాక 1951లో కుటుంబ పెట్టుబడుల సంస్థను చేపట్టిన ఆయన 1967లో దానిని అమ్మి, 1973లో చిన్న సలహా సంస్థ పెట్టుకుని, చందా కట్టే పెద్ద పెట్టుబడి సంస్థల కోసం క్రమం తప్పకుండా వ్యాసపత్రం వెలువరించాడు. 1974లో పోర్ట్‌ఫోలియో నిర్వహణపై ఒక పరిశోధన పత్రికకు వ్యవస్థాపక సంపాదకుడయ్యాడు. పుస్తకాలు 1960ల నుంచే రాస్తున్నా, ప్రపంచమంతా చదివిన రిస్క్ చరిత్ర 1996లో, ఆయనకు 77 ఏళ్లు వచ్చాక వెలువడింది. సలహా సంస్థ పెట్టాక ఆ పుస్తకానికి ఇరవై మూడేళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆయన తనకు తెలిసిన విద్యను అవసరమైనవారికి అందిస్తూనే ఉన్నాడు.

మీరూ ఆ దారిలో ఆలోచించండి. అచ్చు ఖర్చును ఇంటి లెక్క నుంచి తీసేస్తే మీకు కావలసింది 9 లక్షల 40 వేలు. మూడున్నర శాతం చొప్పున వచ్చేదానికి తేడా ఏడాదికి 65 వేలే. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల అతిథి అధ్యాపకులుగా చెప్పే పాఠాలు, పత్రికా శీర్షికలు, శిక్షణ తరగతుల్లో ఏదో ఒకటి ఈ లోటును పూడ్చగలదు. అచ్చుకు వేరే ఖాతా తెరవండి. ఇప్పటి సంస్థలో అయిదేళ్లు పూర్తయి ఉంటే వచ్చే గ్రాట్యుటీని మీరు లెక్కలో చేర్చలేదు. దానిని ఆ ఖాతాలో వేయండి. అది అయిపోతే తర్వాతి పుస్తకం పాత పుస్తకాల అమ్మకం డబ్బుతోనే రావాలి, లేదా ప్రచురణకర్త ఖర్చుతో రావాలి. ఇంటి సొమ్మును మాత్రం ముట్టుకోకండి.

పన్ను విషయంలో ఒక ఆకర్షణ ఉంది. రచయితలకు పుస్తకాల రాయల్టీపై ఏటా 3 లక్షల వరకు మినహాయింపు ఇచ్చే నిబంధన, 1961 చట్టంలో 80క్యూక్యూబీ సెక్షన్‌గా పేరుపడింది. అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే, అదీ పాఠ్యపుస్తకాలు కాని రచనలకే వర్తిస్తుంది. సొంతంగా అచ్చు వేసి అమ్ముకుంటే వచ్చేది రాయల్టీ కాదు, వ్యాపార ఆదాయం. కొత్త విధానంలో 12 లక్షల వరకు సాధారణ ఆదాయంపై పన్ను పడదు కనుక, దీని కోసం పాత విధానానికి మారవలసిన అవసరం మీకు కనబడదు.

ఏం రాయబోతున్నారో మీరు చెప్పలేదు. పెట్టుబడుల గురించే అయితే, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013 నిబంధనలు పత్రికల ద్వారా అందరికీ అందే సలహాను పెట్టుబడి సలహాగా పరిగణించవు గానీ, ఫలానా షేరు కొనండి, అమ్మండి అని బహిరంగంగా చెబితే 2014 నాటి రీసెర్చ్ అనలిస్ట్ నిబంధనలు వర్తిస్తాయి. ఖాతాదారుల వివరాలు, సంస్థ అంతర్గత చర్చలు కథారూపంలోనైనా గుర్తుపట్టేలా రాయకండి. ఉద్యోగ ఒప్పందంలోని గోప్యత షరతులను రాజీనామాకు ముందే న్యాయవాదికి చూపించండి.

అన్నిటికన్నా తొందరగా చేయవలసిన పని ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చే బీమా సాధారణంగా ఉద్యోగంతోనే ముగుస్తుంది. ఇప్పటికే ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో గరిష్ఠంగా మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చు; గ్రూపు పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారితే అంతవరకు గడిచిన కాలం కలిసొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ లేదు. అమ్మగారికి విడిగా, మిగిలినవారికి కలిపి పాలసీలు తీసుకుని, ఆ పత్రాలు చేతికి అందిన తర్వాతే రాజీనామా లేఖ ఇవ్వండి.