తల్లి ఉన్న పిల్లకి ఆయా ఎందుకు?

ప్రశ్న: బోర్నియోలోని ఒరంగుటాన్ల పునరావాస కేంద్రం వీడియో ఒకటి చూశాను. చాలా పిల్లల్ని ఆయాలు చంకనేసుకుని తిప్పుతున్నారు, ఒక తల్లి దగ్గరున్న పిల్లని మాత్రం ఎవరూ ముట్టుకోవట్లేదు. ఎందుకలా? ఆ తల్లీపిల్లా రోజంతా ఏం చేస్తాయి?

జవాబు: తల్లి ఉంది కాబట్టే ముట్టుకోరండీ. ఆయాల చేతుల్లో ఉన్నవన్నీ అనాథలు, చాలావాటి విషయంలో తల్లిని చంపి పిల్లని పెంపకానికి అమ్మేసి ఉంటారు. బోర్నియోలోని న్యారు మెంటెంగ్ లాంటి కేంద్రాల్లో వాటికి 'అడవి బడి' ఉంటుంది, చెట్టెక్కడం దగ్గర్నుంచి మనుషులే నేర్పాలి. తల్లి ఉంటే ఆ బడి ఆమే.

పొద్దున తిండితో మొదలు. తల్లి ఏదైనా నములుతుంటే పిల్ల మూతికి మూతి ఆనించేంత దగ్గరికొచ్చి కళ్లార్పకుండా చూస్తుంది, కాసేపటికి చెయ్యి పెట్టి లాక్కుంటుంది, తల్లి ఒక్కోసారి ఇస్తుంది, ఒక్కోసారి మొహం తిప్పేసుకుంటుంది. ఏది తినొచ్చో నేర్చుకోవడం అంతా ఇలాగే. కేంద్రంలో పండ్లు పళ్లెంలో పెట్టి ఇచ్చేస్తే బద్ధకం వస్తుందని పైన వేలాడదీస్తారు, లేదా వెతికి తీసుకునేలా దాచిపెడతారు. మధ్యాహ్నం తల్లి కునుకు తీస్తుంటే పిల్ల ఆమె జుట్టు పీకుతూ ఊగుతూ ఉంటుంది. సాయంత్రం తల్లి కొమ్మలు వంచి గూడు కడుతుంది, పిల్ల కూడా పక్కనే రెండు రెమ్మలు విరిచి ఏదో కట్టినట్టు నటిస్తుంది (చూడ్డానికి భలే ఉంటుంది). బోనులో ఉన్నవాటికైతే ఇందుకోసమే ఆకుల కొమ్మలు వేస్తారు.

అసలు టెన్షన్ ఎక్కడంటే, ఆ తల్లే చిన్నప్పటినుంచి ఎవరింట్లోనో గొలుసుతో పెరిగి ఉంటే ఆమెకే గూడు కట్టడం రాకపోవచ్చు, ఇక పిల్లకి ఏం నేర్పుతుంది? అప్పుడు కూడా చప్పున పిల్లని లాక్కోరు. పాలు తాగుతోందా, తల్లి దాన్ని పట్టించుకుంటోందా అని దూరం నుంచే చూస్తారు, అదీ మాస్కు పెట్టుకుని, ఎందుకంటే మన జలుబు, క్షయ వాటికీ అంటుకుంటాయి.

తొందరపడి లాభం లేదు. పిల్ల ఆరేడేళ్లు తల్లిని వదలదు, మళ్లీ కాన్పు కూడా ఏడెనిమిదేళ్లకే. న్యారు మెంటెంగ్‌లో అయితే ముందు నది మధ్య దీవుల మీద వదిలి, సొంతంగా తిండి వెతుక్కుంటాయో లేదో చూస్తారు. అక్కడ నెగ్గినవాటిని 2012 నుంచి బుకిట్ బటికప్ అడవిలో, 2016 నుంచి బుకిట్ బకా బుకిట్ రయా నేషనల్ పార్కులో విడిచిపెడుతున్నారు. విడిచాక కూడా సిబ్బంది కొన్నాళ్లు వెంట తిరిగి ఏం తిన్నాయి, నేల మీద ఎంతసేపున్నాయి, రాత్రికి గూడు కట్టుకున్నాయా లేదా అని రాసుకుంటారు.