నెత్తిల చుండ్రు, దురద ఉండి ఎంటికలు ఊడుతుంటే గుండు చేయించుకోవాల్నా, మినాక్సిడిల్ పెట్టాల్నా?

చుండ్రు, దురదతోని ఎంటికలు కుచ్చులు కుచ్చులుగ ఊడుతున్నయి, గుండు చేయించుకుంటే పోతదా లేకపోతే మినాక్సిడిల్ (ఎంటికలు మొలిచేటందుకు నెత్తికి పెట్టే మందు) మొదలుపెట్టాల్నా అని అడిగిన్రు. నేనైతే రెండూ జర ఆపి ముందుగాల నెత్తి చర్మం డాక్టర్‌కు చూపించుకోన్రి అంట. గుండుతోని రోగం పోదు, రోగం ఉన్నది చర్మంల, గుండైతే మందు పట్టించుడు సులువైతది అంతే. వేములవాడ మొక్కు ఉంటే చెల్లించుకోన్రి, అది వేరే సంగతి, కానీ గుండు తర్వాత ఒత్తుగ కనబడేది ఎంటిక కొస మొద్దుగ ఉండబట్టే.

నాకు సెబోరిక్ డెర్మటైటిస్, అంటే చుండ్రు ముదిరి చర్మం వాచే రోగం, చానా ఏండ్ల సంది ఉంది. జిడ్డుజిడ్డు పసుప్పచ్చ పొట్టు, కనుబొమ్మలల్ల ముక్కు పక్కపొంటి గూడ లేస్తది, చలికాలం వచ్చిందంటే మా హన్మకొండల ఇంకింత ఎక్కువైతది. మలసీజియా అని ఒక ఈస్ట్ (ఒక తీరు ఫంగస్) అందరి నెత్తి మీద ఉంటది, చర్మం మీది జిడ్డే దాని తిండి, కొందరి ఒంటికి అది పడక వాపు వస్తది, వాపుకు దురద, దురదకు గోకుడు, ఇగ ఎంటికలు ఊడుడు షురువైతది. మంచి సంగతి ఏందంటే ఇట్ల ఊడినయి చర్మం నిమ్మళమైతే చానావరకు మళ్ల వస్తయి, కుదురు చచ్చిపోదు. డాక్టర్ నాకు రాసింది ఫంగస్‌ను తగ్గించే కీటోకొనజోల్ 2% షాంపూ, వారానికి రెండుసార్లు, ఎంటికలకు కాదు చర్మానికి పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగాలె. తగ్గినంక గూడ అప్పుడప్పుడు వాడుకుంట ఉండాలె, ఇది అదుపుల పెట్టుకునే రోగమే గని ఒక్కసారికి పోయేది కాదు. మా అమ్మ దురద అంటే చాలు కొబ్బరినూనె గిన్నె పట్టుకొని వస్తది, ఆమె ప్రేమ నేను కాదనను, కానీ ఈ రోగంల రాత్రంతా నూనె ఉంచితే ఆ ఈస్ట్‌కే తిండి పెట్టినట్టు.

అయితే దురద, పొట్టు అన్నంక అన్నీ ఇదే అనుకోవద్దు. మా అక్క కొడుక్కు నెత్తిల గుండ్రంగ ఎంటికలు తెగిపోయి నల్ల చుక్కల్లెక్క కనబడ్డయి, నర్సంపేట దిక్కు వాళ్ల ఊర్ల అందరు పేనుకొరుకుడు అన్నరు, వెల్లిగడ్డ రుద్దమన్నరు. చర్మం డాక్టర్ కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూసి తామర అని చెప్పిన్రు. నెత్తి తామర పిల్లలకే ఎక్కువ, ఫంగస్ ఎంటిక లోపలికి పోతది కాబట్టి ఒట్టి షాంపూతోని పోదు, గ్రైసియోఫుల్విన్ లేదా టెర్బినాఫైన్ లాంటి గోళీలు వారాల తరబడి మింగాలె, ఇంట్ల దువ్వెనలు తువ్వాలలు వేరు పెట్టాలె. చీము పట్టి మెత్తగ ఉబ్బితే అస్సలు ఆగొద్దు, మచ్చ పడితే ఆడ మళ్ల ఎంటికలు రావు. మెడికల్ షాపుల అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు తామరకు పూస్తే దురద తగ్గినట్టు అనిపిస్తది, లోపల మాత్రం పాకుతనే ఉంటది. దీనికి నాకు మస్తు కోపమొస్తది, పిల్లల నెత్తి పాడైతది. అసలు పేనుకొరుకుడైతే చర్మం నున్నగ ఉంటది, పొట్టు ఉండదు, మన ఒంట్ల రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడుడు అది, పేన్లకు సంబంధమే లేదు.

సోరియాసిస్ అయితే మందంగ, తెల్లగ మెరిసే పొలుసులు నుదురు దాంక దిగుతయి, మోచేతులు గూడ చూసుకోన్రి.

అన్నిట్ల భయపడాల్సింది లైకెన్ ప్లానోపిలారిస్ లాంటియి, అంటే వాపుతోని ఎంటిక కుదుళ్లనే చంపి మచ్చ పెట్టే రోగాలు. మంట, నొప్పి, చర్మం నున్నగ మెరుసుడు, ఎంటిక మొలిచే రంధ్రాలే కనబడకుండ పోవుడు. ఈ రోగాలల్ల పోయిన ఎంటిక తిరిగి రాదు, ఉన్నయి కాపాడుకునుడే, అందుకే బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి చేసే పరీక్ష) అంటే భయపడి వాయిదా వేయొద్దు.

మినాక్సిడిల్ వంశపారంపర్యంగ పలచబడేటోళ్లకు పనిచేస్తది, కానీ పచ్చిగ మండుతున్న చర్మం మీద పోస్తే ఇంకింత మండుతది. మొదలు వాపు తగ్గనియ్యున్రి, అటెన్క డాక్టర్ చెప్తే పెట్టుకోవచ్చు. టైఫాయిడో డెంగీయో వచ్చి 2-3 నెలలు అయ్యిందా అన్నది గూడ చెప్పున్రి, జ్వరాల తర్వాత ఎంటికలు ఊడుడు వేరే, చానామందికి అదే సర్దుకుంటది.

ప్రైవేటుల పైసలు పెట్టలేకపోతే వరంగల్ ఎంజీఎం దవాఖానల చర్మ వ్యాధుల ఓపీ ఉంటది. పోయే రోజు నూనె పెట్టుకోవద్దు, ఇంతకుముందు పూసిన ట్యూబులు, షాంపూ డబ్బాలు అన్నీ సంచిల ఏసుకొని పోన్రి.