కాకినాడ సదస్సుకు వలంటీర్‌గా పోతున్న మా బిడ్డకు

బిడ్డా,

రాత్రి పది గంటలకు మీ అమ్మ ఫోన్ చేసింది. "కాకినాడ పోతదట అక్కా, మడ అడవుల సదస్సట, మూడు రోజులు, వలంటీరట, పైసా ఇయ్యరట, పైగా బురదలకు తీస్కపోతరట" అని ఒక్క ఊపిరిలో చెప్పి, నువ్వన్నా జర చెప్పు అంది. నేను చెప్పింది పోనియ్యమనే. ఇక అక్కడ నీకు ఏ చిన్న తిప్పలు వచ్చినా మాట పడేది నేనే. అందుకే రాసి పంపుతున్నాను, ఫోన్‌లో అయితే నువ్వు సరే పెద్దమ్మా సరే పెద్దమ్మా అంటూ ఇంకేదో చూసుకుంటుంటావు, నాకు తెలుసు.

నీ మెసేజ్‌లో నాకు నచ్చని మాట ఒకటుంది. "హనుమకొండ దాన్ని, సముద్రమే సరిగ్గా చూడలేదు, మడ అడవుల సంగతి నాకేం తెలుసు, నవ్వుతారేమో" అన్నావు. రైల్లో 400 కిలోమీటర్ల పైనే, దూరమే, కాదనను. కానీ నువ్వు పోయేది గోదావరి సముద్రంలో కలిసే చోటికి, అక్కడ ఉప్పు నీళ్ల బురదలో పెరిగేవే ఆ మడ అడవులు. ఆ గోదావరి కందకుర్తి దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చి, ధర్మపురి, మంథని, కాళేశ్వరం మీదుగానే కిందికి పోతుంది. మీ తాత పొలానికి కాకతీయ కాలువలో వచ్చిన నీళ్లూ ఆ నదివే. పోచంపాడు డ్యాం కట్టినప్పుడు 112 టీఎంసీలు పడతాయని లెక్క వేశారు, పూడిక చేరి చేరి అది 80 టీఎంసీల దగ్గరికి దిగింది. అంటే ఆ తేడా అంతా ఇప్పుడు మట్టి. ఆ ఒక్క డ్యాం లోనే అంత ఆగిందంటే, పై నుంచి కింది దాకా ఉన్న డ్యాములన్నిటిలో ఎంత ఆగి ఉంటుందో నువ్వే ఆలోచించు. ఆ డ్యాములు లేకపోతే ఆ ఒండ్రులో చాలా భాగం కోనసీమ దాకా, కోరింగ మడ అడవుల దాకా పోయేది. మిషన్ కాకతీయలో మన ఊరి చెరువు పూడిక తీసినప్పుడు మీ తాత ట్రాక్టర్ల వెనక ఎట్లా తిరిగాడో గుర్తు తెచ్చుకో, పూడిక మట్టి విలువ నీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. సముద్రం ఒడ్డును కోసుకుపోతుంటే నది తెచ్చే ఆ మట్టే గండి పూడ్చాలి, అది రావడం తగ్గితే డెల్టా అంచు కరుగుతుంది. ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు సముద్రంలో కలవడం టీవీలో చూసే ఉంటావు. దానికి ఇదొక్కటే కారణమని ఎవరన్నా నమ్మకు, ఆ కారణాల మీద పెద్దవాళ్లు సదస్సులో గట్టిగానే కొట్టుకుంటారు, నువ్వు నడుమ దూరకుండా వినాలి, అంతే.

కాబట్టి ఎగువ దాన్నని సిగ్గుపడకు. అట్లా అని అక్కడ మైకు దొరికింది కదా అని ఎగువ రైతుల కష్టాలు మొదలుపెట్టకు, నిన్ను పిలిచింది అందుకు కాదు.

ఇప్పుడు పని సంగతి. మొదటి రోజు నిన్ను రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చోబెడతారు, కొత్తవాళ్లందరినీ అక్కడే వేస్తారు. అది చిన్న పని అనుకుంటావు. 1990లలో, నేను లెక్చరర్‌గా కొత్తగా చేరిన రోజుల్లో, ఒక తీర పట్టణంలో ఇట్లాంటి సభకే పోయాను, నన్నూ గేటు దగ్గర లిస్టు ఇచ్చి నిలబెట్టారు. పొద్దున తొమ్మిదిన్నరకు ఒక పెద్దాయన వచ్చాడు, లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. "నన్ను రమ్మన్నారండి" అన్నాడు. పేరు అడిగి వెతికితే లిస్టులో లేదు. ఇంగ్లీషులో ఇంటిపేరు ముందు పెట్టి రాశారు, నేను అసలు పేరు అక్షరం దగ్గర వెతుకుతున్నాను. ఆ తెలివి నాకు అప్పుడు లేదు. వెనక కోట్లు వేసుకున్నవాళ్లు లైన్‌లో ఉన్నారు, ఆయన్ని ఆ చెట్టు కింద కూర్చోండి, కనుక్కుని చెబుతాను అన్నాను. మరిచిపోయాను. లోపల మొగ పూడిపోవడం మీద చర్చ నడిచింది, నది సముద్రంలో కలిసే ద్వారాన్ని అక్కడివాళ్లు మొగ అంటారు, అది ఇసుకతో మూసుకుపోతే పడవలు బయటికి పోవు, పోటు నీళ్లు లోపలికి రావు. దాని మీద నలభై ఏళ్ల అనుభవం చెప్పాల్సినవాడు ఆ పెద్దాయనే. అధ్యక్షులు పేరు పిలిచారు, పలికినవాళ్లు లేరు, సరే తర్వాత స్లైడు అన్నారు. పేరు వినగానే నాకు గుండె జారింది, బయటికి పరుగెత్తాను. ఆయన మాటిమాటికీ రోడ్డు వైపు చూసి చివరికి బస్సుకు పోయాడని వాచ్‌మన్ చెప్పాడు. ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే ఈ పాటికి మరిచిపోయేదాన్నేమో.

అందుకని నీకు గట్టిగా చెప్పేది ఇదే. ఆ హాల్లో ప్రొఫెసర్లకు నీ అవసరం పెద్దగా ఉండదు, వాళ్ల దారి వాళ్లకు తెలుసు. దారి తెలియనివాళ్లు నలుగురైదుగురు ఉంటారు, మత్స్యకార సంఘం నుంచి వచ్చిన ఆయన, మడ మొక్కల నర్సరీ నడిపే మహిళా సంఘం వాళ్లు, పీతలు పట్టుకుని బతికే ఆమె. నువ్వు ఆ నలుగురి వలంటీర్‌వి అనుకో. లిస్టులో పేరు దొరక్కపోతే ఊరి పేరు పెట్టి వెతుకు. అప్పటికీ దొరక్కపోతే ఖాళీ బ్యాడ్జీ మీద పెన్నుతో పేరు రాసి, తెలుగులోనే రాయి, మెడలో వేయించి నువ్వే లోపలికి తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టు, లెక్క తర్వాత చూసుకోవచ్చు. వాళ్లంతట వాళ్లు వెనక వరుసలోనే కూర్చుంటారు, లేవనెత్తాలి. బాత్రూం ఎక్కడో అడగకముందే చూపించు, ముఖ్యంగా ఆడవాళ్లకు, అడగడానికి మొహమాటపడి పొద్దంతా మంచినీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లను చూశాను. ఇంకొకటి, బస్సు ఛార్జీ. బ్యాంకు ఫారం నింపండి, నెల రోజుల్లో పడతాయి అంటారు, ఒక రోజు వేట పోగొట్టుకుని వచ్చినవాళ్లకు అది సరిపోదు. నిర్వాహకులను ముందు రోజే అడిగి, అదే రోజు చేతికి ఇచ్చే ఏర్పాటు ఉందా లేదా కనుక్కో. అడిగితే నిన్ను ఎవరూ కొట్టరు.

భాష దగ్గర కూడా నీ పని పడుతుంది. వేదిక మీద ఇంగ్లీషు, ముందు వరుసలో తెలుగు, నడుమ నువ్వు. ప్రతి ముక్కా అనువాదం చేయాలని చూడకు, చెవి దగ్గర కూర్చుని సారం చెప్పు. హైడ్రాలజీ అంటే ఏం చెబుతావు? పోటు నీళ్లు ఎక్కి దిగే దారి అను, చాలు, ఆ తర్వాత వాళ్లే నీకు పాఠం చెబుతారు. నువ్వు ముందే ఒకటి అర్థం చేసుకుని పో. మడ అడవి పోయిన చోట మొక్కలు నాటితే అడవి తిరిగి వస్తుందని అందరూ అనుకుంటారు, నేనూ చాలా ఏళ్లు అట్లాగే పిల్లలకు చెప్పాను. వెనకటికి మడ అడవులను పట్టీలు పట్టీలుగా నరికారు. నీడ పోయిన నేల ఎండి, కుంగి, తొట్టిలాగా అయింది. పోటుకు వచ్చిన నీళ్లు ఆ తొట్టిలో నిలబడి ఆవిరైపోతూ ఉప్పు మిగిల్చాయి. ఆ ఉప్పులో నువ్వు ఎన్ని మొక్కలు నాటు, ఏం లాభం? అందుకని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు తమిళనాడులో పిచ్చవరంలో, తర్వాత మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో ముందు కాలువ తవ్వించారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, చూస్తే చేప ముల్లు లాగే ఉంటుంది. పోటుకు నీళ్లు లోపలికి వచ్చి, పాటుకు, అంటే నీళ్లు దిగే వేళకు, ఉప్పును కడుక్కుని బయటికి పోతాయి, ఆ తర్వాతే మొక్కలు. గొలుసుకట్టు చెరువుల కింద పుట్టిన దానివి, నీళ్ల దారి ముందు, మిగతాది తర్వాత అన్న సంగతి నీకు ఒంటికి పట్టే ఉంటుంది. ఎన్ని మొక్కలు నాటామో ఫొటోలతో చూపించే స్లైడ్లు చాలా వస్తాయి అక్కడ, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయి అని అడిగేవాళ్లు ఒకరిద్దరే ఉంటారు. ఆ ఒకరిద్దరి పేర్లు రాసుకో.

టైం కార్డులు పట్టుకునే పని నీకిస్తే ఐదు నిమిషాల కార్డు, రెండు నిమిషాల కార్డు, ఆపమనే కార్డు మూడూ వక్త కళ్లకు ఎదురుగా కూర్చుని చూపించు, పక్కన నిలబడితే చూడనట్టు నటిస్తారు, పెద్దవాళ్లు మరీను. పెన్‌డ్రైవులన్నీ బ్రేక్‌లోనే తీసుకుని ఒక్కసారి తెరిచి చూడు, తెలుగు ఫాంటు డబ్బాలు డబ్బాలుగా కనబడితే అక్కడే పీడీఎఫ్ చేయించు. పోస్టర్లకు రెండు వైపులా అంటుకునే టేపు, కత్తెర నీ సొంతవి తీసుకుపో, అక్కడ ఉంటాయి అంటారు, ఉండవు.

మూడో రోజు కోరింగ తీసుకుపోతారు. దాని కోసమే నువ్వు ఒప్పుకున్నావని నాకు తెలుసు, నేనైనా అంతే. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి, అవి మడ చెట్టు శ్వాస వేర్లు, బురదలో గాలి ఆడదు కాబట్టి వేర్లే పైకి వచ్చి ఊపిరి తీసుకుంటాయి. పొన్న చెట్టుకు వేరే పద్ధతి, కొమ్మ మీద ఉండగానే గింజ మొలకెత్తి ములక్కాయలాగా వేలాడి, కింద బురదలో పడుతుంది. ఇన్నేళ్లు పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పి, మొదటిసారి అది కళ్లారా చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. తిల్ల చెట్టు ఏదో గైడ్‌ను అడిగి ముందే తెలుసుకో, దాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉంది. ఆకులు తెంపే అలవాటు ఉన్న నీలాంటి బాటనీ పిల్లలకే ఈ మాట.

అక్కడ బోటు ఎక్కించే పని నీదైతే, పోటు పాటు వేళలు ముందు రోజు సాయంత్రమే బోటు నడిపే ఆయన్ని అడుగు. రోజుకు రెండుసార్లు నీళ్లు ఎక్కి దిగుతాయి, ఆ వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటుంది, కాబట్టి మొన్న వచ్చినవాళ్లు చెప్పిన టైం నీకు పనికిరాదు. పాటు దిగాక చిన్న పాయలో బోటు బురదలో కూర్చుందంటే మళ్లీ నీళ్లు వచ్చేదాకా దోమలకు భోజనం మీరే. లైఫ్ జాకెట్ పట్టీ బిగించనిదే ఎవరినీ ఎక్కనివ్వకు, వాళ్ల హోదా ఏదైనా సరే. మనుషులను లెక్కపెట్టడం నమ్మకు. నేను ఒకసారి నలభై రెండు మందిని లెక్కపెట్టి బస్సు కదిలించాను, లెక్క సరిపోయింది. సగం దూరం పోయాక తెలిసింది, వేరే బస్సు వాళ్లు ఇద్దరు మా బస్సులో ఉన్నారు, మా ఇద్దరు ఇంకా వంతెన మీద పిట్టలను చూస్తున్నారు. మీ పక్క సీటు వాళ్లు వచ్చారా అని ఒక్కొక్కరినీ అడుగు.

బట్టలు పాతవి, చేతులు పూర్తిగా కప్పేవి. చెప్పులు వద్దు, బురద లాగేసుకుంటుంది, తాళ్లున్న పాత బూట్లు వేసుకుపో, తిరిగి తెస్తావన్న ఆశ పెట్టుకోకు.

ఇంకో మాట. వలంటీర్ అంటే పనిమనిషి కాదు. పెద్దవాళ్లకు టీ అందించు, తప్పు లేదు. బ్యాగు రూం దాకా తెచ్చి పెట్టమంటే హోటల్ వాళ్లను పిలుస్తానని నవ్వుతూ చెప్పు. రాత్రి ఎనిమిది తర్వాత పని ఉందంటే ఇంకో అమ్మాయి తోడు లేకుండా పోకు, నిర్వాహకుల్లో ఒక ఆడమనిషి నంబర్ మొదటి గంటలోనే తీసుకుని నాకూ పంపు. మూడు రోజులూ అన్నం వేళకు తిను, వలంటీర్లు చివర్న తినాలని ఒక పిచ్చి పద్ధతి పెడతారు, వంతులు వేసుకోండి. అక్కడ ఎవరైనా పులస గురించి గొప్పగా చెబితే మన కొర్రమట్టతో పోటీ పెట్టకు, ఆ వాదన తెగదు. సర్టిఫికెట్ ఇస్తారు, ఇవ్వకపోతే రెండుసార్లు అడిగి వదిలేయి.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పొమ్మన్నాను మీ అమ్మతో. గోదావరి పాయ పేరే ఆ రైలుకు, యానాం పక్క నుంచి పోయే పాయ అది, కోరింగ మడ అడవులు దాని వెంటే. రాజమండ్రి వంతెన తెల్లవారుజామున వస్తుంది, నిద్ర వస్తున్నా లేచి కిటికీ దగ్గర కూర్చో. సకినాలు ఒక డబ్బా మీ అమ్మ దగ్గర పెట్టాను, ఆ లుంగీ పెద్దాయన లాంటివాళ్లు ఎవరైనా కనిపిస్తే ముందు వాళ్లకు పెట్టు. మూత మాత్రం గట్టిగా బిగించు, సముద్రం గాలికి ఒక్క పూటలో మెత్తబడిపోతాయి.

మీ పెద్దమ్మ,
హనుమకొండ