రెండు లైన్లున్నా బ్యాంకు సైటు ఎందుకు బయటికి నెట్టేస్తోంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది అంబత్తూరులో ఆటో విడిభాగాల కంపెనీ. శ్రీసిటీ, నెల్లూరు, హోసూరులో బ్రాంచీలున్నాయి. ఇదివరకు బ్రాంచీల ఇంటర్నెట్ అంతా హెడ్డాఫీసు ఫైర్‌వాల్ (ట్రాఫిక్‌ను జల్లెడ పట్టే పరికరం) మీదుగానే వెళ్లేది. ఈమధ్యే, ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను తమ డేటా సెంటర్లో తనిఖీ చేసి బయటికి పంపే క్లౌడ్ సెక్యూరిటీ సర్వీసు తీసుకున్నాం. ఒక్కో బ్రాంచి నుంచి ఆ సర్వీసుకు రెండు ఐపీసెక్ టన్నెళ్లు (ఇంటర్నెట్ మీద రహస్య లిపిలో నడిచే దారులు) వేశాం. ఒకటి 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ (మాకే కేటాయించిన లైను) మీద, ఇంకోటి 50 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ మీద. బీజీపీ (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) పెట్టి రెండింటికీ ట్రాఫిక్ సమానంగా పంచాం. అప్పట్నుంచీ టెన్షనే. బ్యాంకు సైటు మధ్యలో లాగౌట్ అవుతోంది. 20వ తేదీన జీఎస్‌టీఆర్-3బీ (నెలవారీ జీఎస్‌టీ రిటర్ను) పన్ను కట్టేటప్పుడు మా అకౌంట్స్ అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. ఒక లైను పోతే ఒకటిన్నర నిమిషం దాకా చాలామందికి పని ఆగిపోతోంది. పెద్ద ఫైలు దించుకుంటే 150 రావాలి కదా, 100 దాటడం లేదు. సర్వీసు వాళ్లేమో టన్నెళ్లు రెండూ పచ్చగానే ఉన్నాయంటున్నారు. రెండో లైను పీకేయమని మా ఎండీగారి ఆర్డరు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: రెండో లైను పీకకండి. మీరు రాసిన నాలుగు ఇబ్బందులకూ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. మూడింటికి మందు సెట్టింగుల్లోనే ఉంది, పెద్ద ఫైలు సంగతికి మందే అక్కర్లేదు. టన్నెల్ పచ్చగా ఉందంటే రెండు కొసలూ ఒకదానికొకటి పలుకుతున్నాయని మాత్రమే అర్థం. దాని గుండా మీ వాళ్ల పని సాగుతోందా లేదా అన్నది ఆ పచ్చరంగు చెప్పదు.

ముందు బ్యాంకు సంగతి చూద్దాం, ఎక్కువ బాధ పెడుతున్నది అదే. మీ టన్నెళ్లు రెండూ అవతల ఎక్కడ దిగుతున్నాయో ఒకసారి చూడండి. ఇలాంటి సర్వీసులు మామూలుగా ఒక్కో బ్రాంచికి రెండు చోట్లు ఇస్తాయి, ఉదాహరణకు ప్రధానమైనది చెన్నై డేటా సెంటర్లో, రెండోది ముంబైలో. మీది కూడా అలాగే ఉండి, ఆ రెండింటినీ సమానం చేసి ఉంటే చిక్కు అక్కడే. ఏ చోటు నుంచి బయటికి వెళ్తే అక్కడి పబ్లిక్ ఐపీ అడ్రసే (ఇంటర్నెట్‌లో బయటివాళ్లకు కనిపించే నంబరు) బ్యాంకుకు కనిపిస్తుంది. బ్రౌజరేమో ఒక్క సైటుకే నాలుగైదు కనెక్షన్లు తెరుస్తుంది. మీ రూటరు ఒక్కో కనెక్షన్‌కూ పంపే అడ్రసు, చేరే అడ్రసు, రెండు పోర్టు నంబర్లు (ఒక్కో కనెక్షన్‌ను వేరుగా గుర్తించే నంబర్లు), ప్రోటోకాల్ (కనెక్షన్ రకం) అనే ఐదింటితో లెక్క కట్టి ఏ టన్నెల్లో వేయాలో తేలుస్తుంది. కనెక్షన్ మారితే పోర్టు నంబరు మారుతుంది, దాంతో దారీ మారుతుంది. అలా ఒకే అమ్మాయి, ఒకే లాగిన్, నిమిషం తేడాలో చెన్నై అడ్రసు నుంచీ ముంబై అడ్రసు నుంచీ కనిపిస్తుంది. ఎవరో సెషన్ దొంగిలించారనుకుని బ్యాంకు బయటికి పంపేస్తుంది. బ్యాంకు తప్పేమీ లేదు, ఆ అమ్మాయి తప్పు అసలే కాదు, దయచేసి ఆమె మీద ఎవరూ విసుక్కోకండి.

ఇదేనా కాదా అని తేల్చుకోవడం సులువు. బ్రాంచిలో ఒకే కంప్యూటరు నుంచి, మన పబ్లిక్ అడ్రసు చూపించే సైట్లు రెండు మూడు వరసగా తెరవండి. అడ్రసు మారుతూ ఉంటే రోగం దొరికినట్టే. అప్పుడు రెండు లైన్ల మీదా చెన్నైకే చెరో టన్నెల్ వేసి, ట్రాఫిక్ ఆ రెండింటి మధ్యే పంచండి. ముంబైకి ఇంకో రెండు వేసి, చెన్నై మొత్తం పడిపోతేనే వాడేలా వెనక ఉంచండి. బ్రాంచి నుంచి వెళ్లే దారిని లోకల్ ప్రిఫరెన్స్‌తో, అంటే ఏ దారికి మొగ్గు చూపాలో బీజీపీకి చెప్పే అంకెతో, నిర్ణయిస్తారు. తిరిగొచ్చే దారికి మీ ఏఎస్ నంబరును (బీజీపీలో మీ నెట్‌వర్క్ గుర్తింపు నంబరు) ముంబై వైపు రెండు మూడుసార్లు ఎక్కువగా చేర్చి పంపితే ఆ దారి పొడవుగా కనిపించి, ఆ సర్వీసు దాన్ని పట్టించుకునే రకమైతే, అటు నుంచీ చెన్నైకే మొగ్గు చూపుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే, రూటరు లెక్కలో పోర్టు నంబర్లు తీసేసి, పంపే అడ్రసు ఒక్కటే చూడమనండి. అప్పుడు ఒక మనిషి ఒకే టన్నెల్‌కు అంటుకుని ఉంటారు.

ఇంకో మాట. ఒక టన్నెల్లో వెళ్లిన కనెక్షన్‌కు జవాబు రెండో టన్నెల్లో రావచ్చు. మీ బ్రాంచి ఫైర్‌వాల్లో రెండు టన్నెళ్లనూ వేర్వేరు జోన్లలో (ఒక్కో దానికీ వేరే నియమాలున్న విభాగాల్లో) పెడితే, ఆ జవాబును ఎవరిదో అనుకుని అది పారేసే ప్రమాదం ఉంది. రెండింటినీ ఒకే జోన్లో పెట్టండి.

సగంలో ఆగిపోయే సైట్లు చాలావరకు ప్యాకెట్ సైజు గొడవే. ఈథర్నెట్‌లో (మామూలు వైరు నెట్‌వర్క్) ఒక ప్యాకెట్, అంటే డేటా మూట, గరిష్ఠంగా 1500 బైట్లు. బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడిస్తే 8 పోయి 1492. ఆ పైన ఐపీసెక్ తన పైతొడుగు కోసం, మీరు ఎంచుకున్న సైఫర్‌ను (రహస్య లిపి పద్ధతిని) బట్టి, దాదాపు 50 నుంచి 80 బైట్లు తింటుంది. చిన్న ప్యాకెట్లు దూరిపోతాయి, కాబట్టి పింగ్ బాగానే పలుకుతుంది, సైటు పేరు కూడా వస్తుంది. పెద్ద ప్యాకెట్ దగ్గర ఆగిపోతుంది. ‘ఇంత పెద్దది పట్టదు’ అని చెప్పే ఐసీఎంపీ (నెట్‌వర్క్ తప్పుల కబుర్లు మోసే పద్ధతి) కబురును మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తే, పంపినవాడికి సంగతే తెలియదు. విండోస్‌లో పింగ్ కమాండుకు ‘ముక్కలు చేయొద్దు’ అన్న ఆప్షన్ ఇచ్చి సైజు 1372 పెట్టి చూడండి. హెడర్ల 28 కలిపితే సరిగ్గా 1400. అది వెళ్లి 1472 వెళ్లకపోతే, టన్నెల్ ఎంటీయూ (మొత్తం ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400, టీసీపీ (సైట్లు మామూలుగా వాడే కనెక్షన్ పద్ధతి) ఎంఎస్ఎస్ (అందులో డేటాకు మిగిలే సైజు) 1360 అని రూటర్లో రాసేయండి. 1372 కూడా వెళ్లకపోతే అది వెళ్లేదాకా తగ్గించుకుంటూ రండి. ఎంఎస్ఎస్ ఎప్పుడూ ఎంటీయూ కంటే 40 తక్కువ ఉండాలి.

ఒకటిన్నర నిమిషం అన్నారు చూడండి, అంటే 90 సెకన్లు. బీజీపీ ప్రమాణంలో సూచించిన హోల్డ్ టైమ్, అంటే అవతల పలకకపోతే ఎంతసేపు ఎదురుచూడాలన్న గడువు, సరిగ్గా అంతే. బయట ఫైబరు తెగినా మోడెమ్ వెలుగుతూనే ఉంటుంది, దాని నుంచి రూటరుకు వచ్చే వైరు బాగానే ఉంటుంది. లైను పోయిందని రూటరుకు ఎవరూ చెప్పరు. 90 సెకన్లు అవతలి పలుకు కోసం ఎదురుచూసి, అప్పుడు వదిలేస్తుంది. కీపలైవ్ (బతికే ఉన్నానని పంపే పలుకు) 10 సెకన్లకు ఒకసారి, హోల్డ్ 30 సెకన్లు చేయండి. సర్వీసు బీఎఫ్‌డీ (లైను పోయిందని త్వరగా కనిపెట్టే పద్ధతి) ఇస్తే అది ఇంకా మేలు, రెండు మూడు సెకన్లలో పట్టేస్తుంది. మరీ బిగించకండి, వానాకాలంలో బ్రాడ్‌బ్యాండ్ కాస్త తడబడినప్పుడల్లా దారి మారుతూ ఉంటే అది అసలుకే మోసం. రెండు లైన్లూ ఒకే డేటా సెంటర్లో దిగితే, దారి మారినా బయటి అడ్రసు మారకుండా నడుస్తున్న పని నిలబడే అవకాశం ఉంది. చెన్నై నుంచి ముంబైకి దూకితే మాత్రం తెరిచి ఉన్నవన్నీ తెగుతాయి.

పెద్ద ఫైలు సంగతి మందు అక్కర్లేనిది. ఒక డౌన్‌లోడ్ అంటే మామూలుగా ఒక కనెక్షన్, ఒక టన్నెల్. రెండు దారుల్లో ముక్కలుగా పంపితే ప్యాకెట్లు వెనకాముందూ చేరి, టీసీపీ వాటిని పోయినట్టు లెక్కేసి వేగం తగ్గించుకుంటుంది. కాకపోతే 100కూ 50కూ సమానంగా పంచడం మాత్రం తప్పు, సగం మంది చిన్న లైన్లో ఇరుక్కుంటారు. రెండుకు ఒకటి చొప్పున బరువు పెట్టండి.

ఇక సెట్టింగుల్లో కనిపించనిది ఒకటుంది. మీ రెండు కేబుళ్లు ఏ దారిన వస్తున్నాయో లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని నడిచి చూడండి. రోడ్ల తవ్వకాలు, వాన నీటి కాలువల తవ్వకాలు ఎక్కడైనా ఉంటాయి. రెండు కంపెనీల ఫైబరూ ఒకే గోతిలోంచి వస్తే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి. అలా ఉన్న బ్రాంచిలో ఒకటి 4జీ లేదా 5జీ మీద పెట్టుకోండి. మొబైల్ లైన్లో మీకు సొంత పబ్లిక్ అడ్రసు సాధారణంగా ఉండదు, చాలామంది ఒకే అడ్రసును పంచుకునే కంపెనీ లోపలి అడ్రసు, అంటే 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యేది, వస్తుంటుంది. కాబట్టి టన్నెల్ ఎప్పుడూ బ్రాంచి వైపు నుంచే మొదలవ్వాలి, గుర్తింపు అడ్రసుతో కాకుండా పేరుతో ఇవ్వాలి, యూడీపీ 500, 4500 పోర్టులు (ఐపీసెక్ వాడే ద్వారాలు) తెరిచి ఉండాలి.

అన్నీ అయ్యాక ఒక శనివారం ఫైబరును మోడెమ్ వెనక పీకి చూడండి. రూటరు దగ్గర పీకితే అది వెంటనే కనిపెట్టేస్తుంది, పరీక్ష పాసైనట్టు అనిపిస్తుంది. కానీ బయట కేబుల్ తెగినప్పుడు జరిగేది అది కాదు. నెల్లూరులో ఒక్కచోట ముందు చేసి, ఆ లెక్కలు ఎండీగారికి చూపించి, తర్వాత మిగతా రెండూ మార్చండి.

ప్రశ్న: షావుకారుపేటలో చీరల హోల్‌సేల్ కొట్టు. ఆరుగురం పనిచేస్తాం. మాకూ ఇలా రెండు టన్నెళ్లు కావాలని ఒక సేల్స్ అతను చెబుతున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. ఒకటి పోతే రెండోదానికి దానంతటదే మారే మామూలు రూటరు, రెండు వేర్వేరు కంపెనీల లైన్లు చాలు. సెక్యూరిటీ సర్వీసు కావాలనుకుంటే దాని ఏజెంటును (చిన్న ప్రోగ్రామును) కంప్యూటర్లలోనే వేయించుకోండి, ఏ లైను ఉంటే దాని మీద అదే వెళ్తుంది. బిల్లింగు కంప్యూటరుకూ రూటరుకూ యూపీఎస్ ఉందో లేదో ముందు చూసుకోండి.