ముడులు లెక్కపెట్టిన తాడు

తమ్ముడూ,

ఇంగ్లీషు నానుడుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. బాగుంది. ఒక్క 'ఎట్ ఎ రేట్ ఆఫ్ నాట్స్' దగ్గర మాత్రం తొందరపడ్డావు. "చాలా వేగంగా అని అర్థం, ఓడల నుంచి వచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు కథంతా ఆ రెండో ముక్కలోనే ఉంది, దాన్ని విప్పి రాయి.

నాట్ అంటే ముడి. నిజంగా తాడుకు వేసిన ముడే. నడిసముద్రంలో ఓడ ఎంత వేగంగా పోతోందో తెలుసుకోవడానికి చుట్టుపక్కల చెట్టూ ఉండదు, మైలురాయీ ఉండదు. అందుకని నావికులు తాడు చివర ఒక చెక్కముక్క కట్టి ఓడ వెనక నుంచి నీళ్లలోకి విసిరేవాళ్లు. ఆ చెక్క పావు చక్రం ఆకారంలో ఉండేది. వంపు అంచుకు సీసం బిగించడంతో నీళ్లలో నిలువుగా నిలబడి, దాదాపు ఉన్నచోటే ఉండిపోయేది. ఓడ ముందుకు సాగేకొద్దీ రీలు నుంచి తాడు జారిపోతుండేది. ఒకరు ఇసుక గడియారం చూస్తుంటే, ఇంకొకరు చేతుల్లోంచి జారే ముడులు లెక్కపెట్టేవారు. ఇసుక అయిపోయేలోపు ఎన్ని ముడులు దాటితే ఓడ వేగం అన్ని నాట్లు. తాడు కట్టిన చెక్కను విసిరి వేగం కొలిచే పద్ధతిని ఇంగ్లీషు రచయిత విలియం బోర్న్ 1574లోనే తన నౌకాయాన గ్రంథంలో వర్ణించాడు.

ముడికీ ముడికీ మధ్య దూరం కాలాన్ని బట్టి మారింది. చివరికి స్థిరపడ్డ లెక్కల్లో ఒకటి 47 అడుగుల 3 అంగుళాలు, 28 సెకన్ల గడియారం. నువ్వే గుణించి చూడు, గంటకు 6,075 అడుగులు వస్తుంది. సముద్రం మీద దూరం కొలిచే నాటికల్ మైలు ఇప్పుడు 1,852 మీటర్లు, అంటే దాదాపు అంతే. గంటకు ఒక నాటికల్ మైలు పోతే అది ఒక నాట్. గంట అన్నది నాట్‌లోనే ఉంది కాబట్టి "గంటకు పది నాట్లు" అన్న నీ వాక్యం తప్పు, దిద్దు. ఆ చెక్కను 'లాగ్' అనేవాళ్లు. దాని లెక్కలు రాసుకున్న పుస్తకమే లాగ్‌బుక్. రోజూ కంప్యూటర్ ముందు మనం చేసే లాగిన్‌కు మూలం కూడా అదే. పాఠకులు దీన్ని తప్పకుండా ఇష్టపడతారు, వదిలిపెట్టకు.

ఇక ఆ నానుడి వాడుక. ఇది బ్రిటన్, ఆస్ట్రేలియా జనం నోట వినిపించే మాట, అమెరికాలో అరుదు. కబుర్లలో చక్కగా ఒదుగుతుంది కానీ ఆఫీసు లేఖల్లో నప్పదు. ఇందులో ఎన్ని నాట్లో చెప్పరు, గమనించావా? 20 నాట్లంటే గంటకు 37 కిలోమీటర్లే, మన ఆటో కూడా అంత వేగంగా పోతుంది. కాబట్టి ఇక్కడున్నది కొలత కాదు, చూసేవాడి ఆశ్చర్యం. నువ్వు దీనికి 'ఆఘమేఘాల మీద' అని తెలుగు ఇచ్చావు. ఆఘమేఘాల మీద వచ్చాడంటే వెనక ఏదో అవసరం తరుముతోందని మనకు తెలుస్తుంది. ఇంగ్లీషు మాటలో ఆ తొందర ఉండక్కర్లేదు. 'రయ్యిన' అను, దగ్గరగా ఉంటుంది.

ఉదాహరణ వాక్యంలో మళ్లీ ఓడను పెట్టకు. ఆ మాట ఒడ్డుకొచ్చి చాలా కాలమైంది. వీధి మలుపులో సైకిలు తొక్కుకుంటూ దూసుకుపోయే పిల్లాణ్ణి పెట్టు, లేదా ఊపిరి తీసుకోకుండా మాట్లాడే పెద్దమ్మను పెట్టు. ఇద్దరికీ సరిపోతుంది. దిద్దాక మళ్లీ పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య