పైసల తేడా, తారీఖుల తారుమారు

ప్రశ్న: సార్, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. వడ్ల చీటీల కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను, డేటా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంది. చీటీలు చేత్తో కూడితే ఒక మొత్తం, ప్రోగ్రాంలో ఇంకో మొత్తం. నాలుగైదు పైసలు తేడా. పాత ఎక్సెల్ నుంచి తెచ్చిన తారీఖులు కూడా వరుసలో రావట్లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ఐదు పైసలే కదా అని వదిలేయకుండా అడిగావు, సంతోషం. డబ్బును ఫ్లోట్‌లో, అంటే చుక్క ఉన్న అంకెలను కంప్యూటర్ మామూలుగా దాచే రకంలో, పెట్టి ఉంటావు. ఫ్లోట్ బైనరీ లెక్క, 0, 1లతో నడిచేది. పది పైసలు, అంటే 0.1, అందులో కచ్చితంగా ఇమడదు. 0.1ని మూడుసార్లు కూడి చూడు, 0.30000000000000004 వస్తుంది.

అంత చిన్న తేడా దానంతటది ఐదు పైసలు కాదు. తేమ కోత శాతంలో వేసినప్పుడు మూడో దశాంశం పుడుతుంది, చిక్కు అక్కడ. 2.675ను రౌండ్ చేస్తే 2.68 రావాలి కదా, పైథాన్ 2.67 అంటుంది. లోపల ఉన్నది 2.67499 చిల్లర కాబట్టి. పైగా చీటీ మీద రౌండ్ చేసిన అంకె అచ్చేసి, మొత్తానికి మాత్రం రౌండ్ చేయనివి కూడుతున్నావేమో చూడు. నా అనుమానం దాని మీదే ఎక్కువ.

డబ్బంతా పైసల్లో, పూర్ణాంకాల్లో ఉంచు. మన వడ్ల లెక్కకు ఇది భలే కుదురుతుంది: క్వింటాల్‌కు ఎన్ని రూపాయలో కిలోకు అన్ని పైసలు. క్వింటాల్ 2,320 అయితే 4,237 కిలోలకు 98,29,840 పైసలు, అంటే 98,298 రూపాయల 40 పైసలు. రూపాయల్లోనే కావాలంటే మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లో డెసిమల్ పెట్టు, అది దశాంశాన్ని ఉన్నదున్నట్టు దాచే రకం. పైథాన్‌లో కూడా డెసిమల్ వాడు, కానీ అంకెను కొటేషన్లలో ఇవ్వాలి, లేకపోతే ఫ్లోట్ తప్పే అందులోకి వస్తుంది. కోత వేశాక చీటీకి ఒక్కసారే రౌండ్ చెయ్. ఆ అంకెనే దాచు, దాన్నే కూడు.

తారీఖుల సంగతి నాకు ఇప్పటికీ బాధే. నల్గొండలో ఒక ఎరువుల దుకాణానికి నేను రాసిన ప్రోగ్రాంలో జూన్ 5 బాకీ మే 6 అయి కూర్చుంది. 05-06ను కంప్యూటర్ అమెరికా పద్ధతిలో, నెల ముందు పెట్టి చదివింది. 18 వేలకు నెలకు నూటికి రెండు వడ్డీ చొప్పున ఆ రైతు 360 రూపాయలు ఎక్కువ కట్టాడు. నాలుగు మడతలు పెట్టిన బిల్లు జేబులోంచి తీసి చూపిస్తేనే బయటపడింది. డబ్బు వాపసు ఇప్పించి, కాగితం దాచుకోని వాళ్లు ఇంకెవరున్నారోనని ఆ సీజన్ బిల్లులన్నీ మళ్లీ తిరగేశాను.

నీ ఎక్సెల్‌లో ఆ కాలమ్ ఒకసారి చూడు. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే, కుడి వైపు ఉన్నవి తారీఖులు, ఎడమకు అతుక్కున్నవి ఉత్త టెక్స్ట్. 13 నుంచి 31 దాకా తేదీలే ఎడమన ఉంటే, 1 నుంచి 12 దాకా ఉన్నవి తారుమారై ఉంటాయి. టెక్స్ట్‌గా పెడితే 01-05-2025 పోయి 30-04-2025 కంటే ముందు నిలబడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో డేట్ రకం పెట్టి 2025-06-05 అని ఏడాది ముందుగా ఎక్కించు. చీటీకి గంటలు, నిమిషాలు అక్కర్లేదు.

పాతవి సరిదిద్దడానికి చీటీ నంబర్ల వరుసలో పెట్టు. తేదీ ఎక్కడ వెనక్కో ముందుకో గెంతిందో అక్కడ బిల్ బుక్ తెరిచి చూడు.