కుందేలు వృషణాల మీద థీసిస్ అంటే కెరీర్ పోయినట్టేనా?

కడప జిల్లా నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయికి బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) అయ్యాక ఎంవీఎస్సీలో (దాని పీజీ) అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం సీటు వచ్చింది. మగ కుందేలు పిల్లల్లో వృషణాలు పుట్టినప్పటి నుంచి ఎలా ఎదుగుతాయో చూడటమే థీసిస్ అట. చుట్టాలు అడిగితే చెప్పుకోలేకపోతున్నాం. సర్జరీ వచ్చినవాళ్లకైతే క్లినిక్ ఉంటుంది, దీనికేముంది? మాన్పించి వీఏఎస్ (ప్రభుత్వ పశువైద్యుల ఉద్యోగం) పరీక్షకు కూర్చోబెట్టమంటారా?"

మాన్పించకండి అన్నా. వీఏఎస్‌కి బీవీఎస్సీ చాలు, నోటిఫికేషన్ పడితే ఎంవీఎస్సీ చదువుతూ కూడా రాస్తుంది. చుట్టాలకు "హిస్టాలజీ" (కణజాలాన్ని మైక్రోస్కోపులో చూసే చదువు) అని చెప్పేయండి, రెండో ప్రశ్న రాదు.

ఇంతకీ అమ్మాయి చూడబోయేది ఏంటంటే, కుందేలు పిల్ల పుట్టినప్పుడు వృషణాలు కడుపులోనే ఉంటాయి, దాదాపు 10 నుంచి 12 వారాలకు గానీ సంచిలోకి దిగవు, దిగాక కూడా ఆ దారి జీవితాంతం మూసుకోదు కాబట్టి బెదిరితే మళ్లీ లోపలికి లాక్కుంటుంది (అందుకే కుందేళ్లు కొనేవాళ్లు ఆడా మగా తేల్చుకోలేక తికమకపడుతుంటారు). స్లైడులో చూస్తే మొదట్లో వృషణంలోని సన్నటి గొట్టాల లోపల ఖాళీయే ఉండదు, కణాలతో నిండిన తాళ్లలా ఉంటాయి. వారాలు గడిచేకొద్దీ మధ్యలో దారి తెరుచుకుంటుంది, వీర్యకణాల్ని పోషించే సెర్టోలి కణాలు పక్వానికి వస్తాయి, ఒక్కో దశ దాటి నాలుగో నెల ప్రాంతంలో వీర్యకణాలు కనిపిస్తాయి.

ఇదంతా ఎవరికి కావాలి? కొత్త మందుల్ని జంతువుల మీద పరీక్షించే ల్యాబులకు కావాలి, హైదరాబాద్ చుట్టుపక్కల అవి బాగానే ఉన్నాయి. మందు ఇచ్చిన కుందేలు స్లైడులో వీర్యకణాలు లేవనుకోండి, అది మందు చేసిన నష్టమా, లేక ఆ కుందేలుకు ఇంకా ఈడు రాలేదా? ఏ వయసుకి ఏది మామూలో కళ్లతో చూసినవాళ్లే ఆ తేడా చెప్పగలరు. అమ్మాయి రెండేళ్లు చేసేది ఆ పనే, కుందేలు ఒక సాకు.

అయితే ఒకటి, దాచను. ఆ ల్యాబుల్లో పాథాలజిస్ట్ (జబ్బు స్లైడులు చదివేవాళ్లు) పోస్టుకు ముందు పాథాలజీ ఎంవీఎస్సీ వాళ్లనే పిలుస్తారు. కాబట్టి మైనర్ కోర్సులు (మెయిన్ సబ్జెక్టుతో పాటు చదివేవి) పాథాలజీలో తీసుకోమనండి, ఆ డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని జబ్బు స్లైడులు కూడా చూడమనండి. టీచింగ్ వైపైతే అనాటమీయే మేలు, ఎందుకంటే తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, ఏ వెటర్నరీ కాలేజీలోనైనా ఫస్టియర్ పిల్లలకు అనాటమీ చెప్పేవాళ్లు ఉండి తీరాలి, పైగా సర్జరీకి ఎగబడినట్టు దీనికి ఎగబడరు. నెట్ (లెక్చరర్ల అర్హత పరీక్ష) గానీ పీహెచ్‌డీ గానీ కావాల్సి వస్తుంది, అంటే ఇంకొన్నేళ్ల ఓపిక మీకూ ఉండాలి.

ఈ రాత్రి అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, తన గైడ్‌ని రెండు విషయాలు అడగమనండి. ఏయే వయసుల్లో శాంపిల్స్ తీస్తారు, ముఖ్యంగా రెండు నుంచి ఐదు నెలల మధ్య దగ్గరదగ్గరగా తీస్తారా లేదా, మార్పంతా అక్కడే ఉంది. రెండోది, కణజాలాన్ని దేంట్లో నిల్వ చేస్తారు. ఉత్త ఫార్మలిన్ అంటే, బోయిన్స్ ద్రావణం (వృషణ కణజాలం ఆకారం చెదరకుండా పట్టి ఉంచేది) తెప్పించమని మెల్లగా అడగాలి, ఫార్మలిన్‌లో వృషణం ముడుచుకుపోయి స్లైడు పాడవుతుంది, ఆ తర్వాత ఎంత మంచి మైక్రోస్కోపు ఉన్నా లాభం లేదు.